ఆల్బీనా నడుము

తాష్-బులాక్,
ఏప్రిల్ మధ్య, 1981

నా గుర్రప్పిల్ల బెర్మెత్‌కి,

నిన్నటి నుంచి మళ్లీ తడిమంచు పడుతోంది. ఏప్రిల్ సగం గడిచిందన్న సంగతి మన లోయకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. పొద్దున దొడ్డి తలుపు తీయడానికి పార పట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. గొర్రెలకి ఇవేమీ పట్టలేదు. వరసపెట్టి ఈనుతున్నాయి. తడిసిన పిల్లల్ని గోనెసంచిలో వేసుకుని ఇంట్లోకి మోసుకురావడం, పొయ్యి పక్కన ఆరబెట్టడం, మళ్లీ తల్లుల దగ్గరికి మోసుకుపోవడం, రోజంతా ఇదే పని. మిగిలిపోయినవి నీ మంచం మీద పడుకుంటున్నాయి. నువ్వు వచ్చేలోగా దుప్పటి ఉతికి పెడతానులే.

ఒక తల్లి తన పిల్లని దగ్గరికి రానివ్వడం లేదు. పిల్ల ఒంటికి ఉప్పు రాసి నాకించాను. ఉప్పంతా శుభ్రంగా నాకి, ఆ తర్వాత తన్నింది.

నిన్ను కన్నవాళ్లు నరీన్‌లో క్షేమంగానే ఉన్నారు. మీ అమ్మ ఉత్తరం రాసింది. "ఆచారం ప్రకారం మొదటి బిడ్డని మీ చేతుల్లో పెట్టాం. మీరేమో దాన్ని పట్నం ఆటల బడికి పంపి దూలం ఎక్కించారు" అంటుంది. నేను జవాబు రాయలేదు. దూలం ఎక్కింది నువ్వు, నేను ఎక్కించలేదు. అయిదేళ్లకే దొడ్డి గోడ మీద చేతులతో నడిచిన పిల్లను, నువ్వు అపా అని పిలిచే ఈ నానమ్మ అయినా ఏం చేయగలదు.

పక్కింటి బాత్మా నిన్ను అడిగింది. "ఇంకా వెనక్కి వంగి కాళ్ల సందులోంచే చూస్తోందా, తిన్నగా ముందుకి చూడ్డం కూడా నేర్పారా" అంది. నేర్పుతున్నారట, అది పై తరగతిలో అని చెప్పాను.

బస్సు డ్రైవరు జోల్దోష్‌తో ఎండబెట్టిన పెరుగు కురుత్ ఉండలు రెండు సంచులు పంపుతున్నాను. ఒక సంచి వాడిదని ముందే చెప్పాను. చెప్పకపోతే రెండూ వాడివే.

నీ అపా


ఫ్రూంజే, క్రీడా పాఠశాల వసతి గృహం,
ఏప్రిల్ చివర

ప్రియమైన అపాకి,

కురుత్ అందింది. జోల్దోష్ మామ తన సంచి అయిపోయాక మా సంచి కూడా రుచి చూశాడు. "పాడైపోలేదు కదా అని చూశానమ్మా" అన్నాడు.

ఇక్కడ చెట్లన్నీ పూశాయి. మాకు చూడ్డానికి తీరిక లేదు. జూన్‌లో తాష్కెంట్‌లో జిమ్నాస్టిక్స్ పోటీలు. చుట్టుపక్కల రిపబ్లిక్‌ల నుంచి అందరూ వస్తారు. మే నెల చివర ఎంపిక. మా కోచ్ గలీనా స్తెపానవ్నా పొద్దున ఒకసారి, బడి అయ్యాక ఇంకోసారి సాధన చేయిస్తోంది. నేను ఎంపిక అవుతానని పెద్ద పిల్లలు కూడా అంటున్నారు. నా వంతెన అందరికంటే గుండ్రంగా వస్తుంది. అంటే వెనక్కి వంగి చేతులు ఆనించి, కాళ్లు తలమీంచి తిప్పుకుని లేవడం. దూలం మీద నేను చేస్తుంటే గలీనా స్తెపానవ్నా ఈల నోట్లోంచి తీసేస్తుంది. అంతకంటే మెచ్చుకోలు ఆమె దగ్గర లేదు.

అపా, ఒక సంగతి అడగాలి. నా సంగతి కాదు. మా గదిలో ఆల్బీనా అని తాతారు పిల్ల ఉంది. తనకి నడుం నొప్పి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు అంత తెలియదట. వెనక్కి వంగితే మాత్రం నడుము కింద, ఎడమ పక్క, ఎవరో మేకు దిగ్గొట్టినట్టు ఉంటుందట. దూలం మీంచి దూకి నిలబడినప్పుడు కూడా. ఎడమ కాలు ఒక్కదాని మీద నిలబడి వెనక్కి వంగితే మరీనట. చలికాలం నుంచీ ఇంతేనట.

కోచ్‌కి చెప్పమంటే చెప్పదు. చెబితే ఎంపికలోంచి తీసేస్తారు. ఇక్కడ అందరికీ ఏదో ఒక నొప్పి ఉంటుంది. నొప్పి లేదంటే బద్ధకించావన్నమాట అంటారు పెద్ద పిల్లలు. దీనికి మన ఊళ్లో ఏం చేస్తారో రాయి. ఆల్బీనా అడగమంది.

నీ బెర్మెత్


తాష్-బులాక్,
మే మొదట్లో

నా గుర్రప్పిల్లా,

మంచు కరిగింది. ఇప్పుడు అంతా బురద. చిన్నపాటి వర్షానికే గొర్రెలన్నీ ఒకే రంగులోకి మారుతున్నాయి. ఎవరి గొర్రె ఏదో కుర్మాన్‌కి కూడా తెలియడం లేదు. బాత్మా మొగుడు కాబట్టి వాడికి అన్నీ తెలియాలని ఆవిడ పట్టు.

ఆల్బీనా గురించి చదివి దిగులు కలిగింది. ఆ పిల్ల నడుం లోపల ఏం జరుగుతోందో నీకు ఇంత వివరంగా తెలిసినందుకు ఇంకా ఎక్కువ దిగులు కలిగింది. వాళ్లవాళ్లు ఎవరు? నాన్న ఏం చేస్తాడు? ఇంట్లో పెద్దవాళ్లు లేరా? ఉంటే వాళ్లకి ఎందుకు రాయదు? రాసినా ఇంకెవరి నడుమో అని రాస్తుందేమో.

సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. మొదటిది, సూర్ కొవ్వు. ఆల్బీనాకి తెలియకపోతే చెప్పు, సూర్ అంటే మన కొండ ఉడత. బొరియలో దూరే ముందు, బాగా బలిసినప్పుడు పట్టిన సూర్‌ది. సీసా పంపుతున్నాను. వెచ్చజేసి, చర్మం మెరిసేదాకా రుద్దాలి. మీకు వాసన కొడుతుంది, అది మందు తప్పు కాదు, మీ ముక్కుకి జబ్బు. రెండోది, ఇంట్లో అందరికంటే చిన్న పిల్లని నడుం మీద మెల్లగా నడిపించాలి. మూడోది, కుక్క బొచ్చు పట్టీ. మన అక్తోష్ బొచ్చు దువ్వి, వడికి అల్లుతున్నాను. కుక్క ఒప్పుకోలేదు. ఒకరు పట్టుకుంటే ఒకరు దువ్వాల్సి వచ్చింది.

ఆ పట్టుకోవడంలోనే పాపం బాత్మాకి నడుం పట్టేసింది. గొర్రెపిల్లల్ని మోసి మోసి ముందే అరిగి ఉంది. ఇప్పుడు రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించుకుని లేస్తోంది. కుడి కాలి మడమ దాకా సన్నగా తీగ లాగినట్టు ఉంటుందట. పని మానుకోమంటే మానదు. వచ్చే నెల మందలు కొండ మేతకి ఎక్కాలి కదా. గుర్రమెక్కి మంద వెనక వెళ్లకపోతే సమష్టి వ్యవసాయ క్షేత్రం అధ్యక్షుడు మందని ఇంకొకరికి రాసేస్తాడని భయం.

కొవ్వు ఆల్బీనాకి నువ్వే రుద్దు. రుద్దేటప్పుడు నీకేమైనా నొప్పి పుడితే నాకు రాయి.

నీ అపా


ఫ్రూంజే,
మే మధ్య

ప్రియమైన అపాకి,

సీసా అందింది. జోల్దోష్ మామ దాన్ని మాత్రం రుచి చూడలేదు.

ఇక్కడ చిన్న ఇబ్బంది అయింది. ముందు నా దగ్గరే విను. పోయిన వారం ఒక పొద్దున్నే ఆల్బీనాకి కొవ్వు బాగా రుద్దాను. నా చేతులకి చాలా అంటుకుంది. తువ్వాలు దొరక్క నా నడుముకి తుడుచుకున్నాను. ఆ మీదట సాధనకి వెళ్లాను. కొత్త తిప్పుడు నేర్పడానికి గలీనా స్తెపానవ్నా నన్ను నడుం దగ్గర పట్టుకుని పైకి ఎత్తింది. నేను ఆమె చేతుల్లోంచి సబ్బుముక్కలా జారిపోయాను. నేను కాళ్ల మీదే దిగాను. ఆమె మాత్రం పరుపు మీద కూర్చుండిపోయింది. నోట్లో ఈల ఉంది కదా, కూలబడగానే అది పొడుగ్గా మోగింది. సాధన అయిపోయిందనుకుని చిన్నపిల్లలంతా బట్టలు మార్చుకోవడానికి పరుగెత్తారు.

ఆమె లేచి అరచేతులు వాసన చూసుకుంది. "ఏమిటే ఇది? నిన్ను ట్రాక్టర్ గరాజులో పడుకోబెట్టారా?" అంది.

"సూర్ కొవ్వండి. దగ్గుకి" అన్నాను. దగ్గుకి కూడా వాడతారు కదా అపా, నేను పూర్తిగా అబద్ధం ఆడలేదు.

"దగ్గితే ఛాతీకి రాసుకోవాలి గానీ నడుముకెందుకు?"

"మా ఊళ్లో వెనక నుంచి రాస్తారండి."

ఆమె వెంటనే నన్ను ఊపిరితిత్తుల ఫోటోకి పంపింది. ఊపిరితిత్తులు చాలా బాగున్నాయట. ఇప్పుడు రోజూ భోజనాల గదిలో అందరి ముందు నాకు వెన్న వేసిన వేడి పాలు తాగిస్తున్నారు. ఆల్బీనా పక్కనే కూర్చుని పడిపడి నవ్వుతోంది.

రెండో వైద్యం కూడా చేశాం. మా వసతి గృహంలో అందరికంటే చిన్న పిల్ల పేరు లేనా. ఆల్బీనా నడుం మీద నడిపించాం. లేనాకి నడవడం కంటే గెంతడం ఇష్టం. ఆల్బీనాకి ఆ రోజు నుంచి నొప్పి ఎక్కువైంది. మేజోళ్లు తొడుక్కుని లేచి నిలబడేటప్పుడు కూడా ఒక్క నిమిషం ఆగాల్సి వస్తోందట. ఎంపికకి ఇంకా పది రోజులున్నాయి. అప్పటిదాకా ఓర్చుకుంటుంది.

బాత్మా అమ్మకి త్వరగా తగ్గాలి. ఆవిడ మడమ లోపల తీగ లాగుతున్నట్టు నీకు ఎలా తెలిసింది?

నీ బెర్మెత్


తాష్-బులాక్,
మే ఇరవై దాటింది

నా గుర్రప్పిల్లా,

ఎండ కాస్తోంది. ఉన్ని కత్తిరింపు మొదలైంది. గుడిసె నిండా ఉన్ని, నా జుట్టు నిండా ఉన్ని, నిన్న టీలో కూడా ఉన్నే. బాత్మా కత్తెర పట్టుకుని వంగింది, మళ్లీ తిన్నగా లేవలేదు. గొర్రె కూడా జాలిపడి కదలకుండా నిలబడింది.

చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు లేదని రాశావు. రెండు తువ్వాళ్లు కుట్టాను. నేనే పట్టుకొస్తున్నాను.

నేను రావడానికి కారణం నువ్వు కాదు, కంగారుపడకు. బాత్మా నడుం పట్నం డాక్టరుకి చూపించాలి. ఆవిడకి సిగ్గు, రానంది. అందుకని ఆవిడ నొప్పి నేను వెళ్లి వివరంగా చెబుతానన్నాను. మీ బళ్లోనే డాక్టరు ఉన్నాడు కదా, ఆయనకే చెబుతాను. పనిలో పని ఆల్బీనాని కూడా చూస్తాను. పట్టీ తయారైంది. నా చేత్తో నేనే కడతాను.

మీ కోచ్ పేరు నాకు నోరు తిరగడం లేదు. స్తెపాన్ గారి అమ్మాయి అంటే పలుకుతుందా?

నీ అపా


ఫ్రూంజే,
మే చివరి వారం

అపా,

ఈ ఉత్తరం నీకు అందేలోపు నువ్వు బయల్దేరకూడదు. ఇక్కడ చాలా వేడిగా ఉంది. దారిలో కనుమ దగ్గర రాళ్లు పడుతున్నాయట. బయటివాళ్లని సాధనకి రానివ్వరు. డాక్టరు పెద్దవాళ్ల నడుములు చూడడు. ఆల్బీనాకి తగ్గిపోయింది, పూర్తిగా తగ్గిపోయింది, ఇప్పుడు గుర్రంలా ఉంది.

గురువారం ఎంపిక. ఆ తర్వాత ఎప్పుడైనా రా.

బెర్మెత్


తాష్-బులాక్,
జూన్ మొదట్లో

నా గుర్రప్పిల్లా,

నేను నీ దగ్గరికి వచ్చేటప్పుడు దారిలో రాళ్లేమీ పడలేదు. తిరుగు ప్రయాణంలో కనుమ మీద వడగళ్లు పడ్డాయంతే. ఇంటికి వచ్చేసరికి కుర్మాన్ మన ఇంటి పాలు కూడా పితికి పెట్టాడు, సగం నేల మీద. ఇవాళ పొద్దున్నంతా గుడిసె కప్పే నమదాలు ఎండబెట్టాం. కొండ మేతకి బయల్దేరే రోజు దగ్గరికొచ్చింది.

నువ్వు ఎంపికయ్యావు. నీ ముఖం చూశాను. అంతమంది ముందు కళ్లు అలా వెలగడం మంచిదే. జట్టులో ఆల్బీనా పేరు కూడా చదివినప్పుడు మీరిద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి గెంతారు. గెంతి దిగినప్పుడు నువ్వు పళ్లు బిగించడం కూడా చూశాను. కురుత్ కొరికేటప్పుడు తప్ప నువ్వు పళ్లు అలా బిగించవు.

ఆల్బీనా మంచి పిల్ల. నేను "ఎక్కడమ్మా నొప్పి" అనగానే ఎంత బాగా మూలిగిందో. నడుం నొప్పికి మోకాలు పట్టుకున్న మనిషిని ఇన్నేళ్లలో మొదటిసారి చూశాను. అయినా పట్టీ కట్టాను. ఆ వేడిలో కుక్క బొచ్చు గుచ్చుకుంటున్నా నీ కోసం కదలకుండా నిలబడింది. అలాంటి స్నేహితురాలు ఊరికే దొరకదు.

నువ్వు లెక్కల క్లాసులో ఉన్నప్పుడు ఏం జరిగిందో నీకు తెలియదు. అది రాస్తాను.

మీ బడి డాక్టర్ ఇసాబెకవ్ గది ముందు కూర్చున్నాను. మనిషి కుర్రవాడే. "ఏం తల్లీ, ఎవరికి బాలేదు?" అన్నాడు.

"బాత్మాకి."

"ఆవిడ ఏరీ?"

"ఊళ్లో ఉంది. నొప్పి మాత్రం నా దగ్గరుంది."

 బల్ల మీద పడుకోమన్నాడు. నా కుడి కాలు పట్టుకుని పైకి లేపాడు. నేను ఒక మాట అన్నాను, అది ఇక్కడ రాయను. "బాత్మా గారికి చెప్పండి. నెలరోజులు గుర్రం ఎక్కొద్దు, గొర్రెల్ని ఎత్తొద్దు. ఎత్తితే మీరే ఆవిడని మోయాల్సి వస్తుంది" అన్నాడు. చెబుతాను గానీ వింటుందో లేదో అన్నాను. "మీరు చెబితే వింటుంది" అన్నాడు.

లేచి వచ్చేయవలసింది. తలుపు దగ్గర ఆగి అడిగాను. "బాబూ, ఇంకో నడుం ఉంది. పన్నెండేళ్ల పిల్లది. వెనక్కి వంగితేనే నొప్పి. చలికాలం నుంచీ ఉంది. ఒంటికాలి మీద ఎక్కువ."

ఆయన నవ్వడం ఆపేశాడు. నన్ను మళ్లీ కూర్చోబెట్టాడు. అల్మారాలోంచి ఎముకల బొమ్మ తీసి చూపించాడు. పెద్దవాళ్ల నడుం నొప్పి వేరట, ఎదిగే పిల్లలది వేరట. మనకి కండో, ఎముకల మధ్య ఉండే మెత్తో. వాళ్లకి ఎముకే. ఇంకా ముదరని ఎముకని రోజూ అదే చోట వెనక్కి వంచుతూ ఉంటే అక్కడ సన్నగా పగులు వస్తుందట. దూలం మీద ఆడే పిల్లల్లో ఇది కొత్త కాదట. "వాళ్లు చెప్పరు తల్లీ. చెబితే ఆపేస్తారని భయం. చెప్పక చెప్పక ఎప్పుడో నా దగ్గరికి వస్తారు" అన్నాడు.

"పగిలితే ఏమవుతుంది?"

"ముందే తెలిసి, ఆట మానేసి మూడు నాలుగు నెలలు ఉంటే చాలామందికి సర్దుకుంటుంది. మళ్లీ ఆడతారు. తెలిసీ వంగుతూ పోతే రెండో పక్క కూడా విరిగి, ఎముక ముందుకి జారొచ్చు. అప్పుడు ఆట సంగతి అటుంచండి, బకెట్టు నీళ్లు ఎత్తడానికి ఆలోచించాలి."

"సూర్ కొవ్వు రాస్తే?"

"వాసన తప్ప నష్టం లేదు."

"చిన్నపిల్ల చేత తొక్కిస్తే?"

ఆయన కళ్లజోడు తీసి నా వంక చూశాడు. నేను బొమ్మ వంక చూశాను. బెర్మెత్, గొర్రెపిల్ల వెన్ను కోయడానికి నాకు కత్తి చాలు. ముసలి గొర్రెకైతే గొడ్డలి తీయాలి. ఏటా చేసే పనే అది. అయినా నీకు తొక్కించమని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆల్బీనాకి తొక్కించమని, అని రాయాలి కాబోలు.

"ఆ పిల్ల పేరు చెప్పండి. రేపే పిలిపిస్తాను" అన్నాడు డాక్టరు, కలం తీసి.

నాకు నువ్వు ఒకే పేరు రాశావు. నేను ఆ పేరే చెప్పాను.

తర్వాత స్తెపాన్ గారి అమ్మాయితో టీ తాగాను. పిల్లలంటే ప్రాణమే, ఈల తీస్తే మనిషిలాగే మాట్లాడుతుంది. నీ దగ్గు ఎలా ఉందని నన్ను అడిగింది. పాలు బాగా పనిచేశాయన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఆ నడుము నాది కాదు.

నీ అపా


ఫ్రూంజే,
జూన్ రెండో వారం

అపా,

నువ్వు చేసిన పని నీకు తెలుసా?

నువ్వు వెళ్లిన మర్నాడే డాక్టరు ఆల్బీనాని పిలిపించాడు. తను నాకేం నొప్పి లేదంది. "అందరూ ఇదే అంటారు" అన్నాడు. నిజంగా లేదండీ అంది. "అందరూ ఇది కూడా అంటారు" అన్నాడు. ఎక్స్‌రే తీశారు. ఎముక శుభ్రంగా ఉంది. హమ్మయ్య అనుకుంటే, మొదట్లో పగులు ఫోటోలో కనిపించకపోవచ్చు, మూడు వారాలు ఆడనివ్వకూడదని గలీనా స్తెపానవ్నాకి చెప్పాడు. ఆ పిల్ల వెనక్కి వంగి, గెంతి, ఒంటికాలి మీద నిలబడి చూపించింది. "చూశారా, ఎంత ఓర్చుకుంటోందో" అన్నాడు ఆయన.

ఇప్పుడు ఆల్బీనా బెంచీ మీద కూర్చుంటోంది. పాలు కూడా తనకే ఇస్తున్నారు. తాష్కెంట్ జట్టులో తన పేరు పక్కన పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టారు. వచ్చే వారం శుక్రవారం జట్టు వెళుతోంది.

తను నా పేరు చెప్పలేదు. ఏడవడం లేదు. నాతో మాట్లాడటం లేదు. కుక్క బొచ్చు పట్టీని చక్కగా మడిచి నా దిండు మీద పెట్టింది.

నువ్వు నా పేరే చెప్పేసి ఉంటే బాగుండేది. హాయిగా నిన్ను తిట్టుకుంటూ ఉండేదాన్ని. నువ్వు నాకు తాష్కెంట్ వద్దంటున్నావా? నేను మూడేళ్లుగా దీనికోసమే ఇక్కడ ఉన్నాను. పోటీ అయ్యాక చెబుతాను. అప్పుడు మూడు నెలలు కాదు, ఆరు నెలలు పడుకుంటాను. ఒక్క వారం ఆగితే ఏమవుతుంది?

బెర్మెత్


తాష్-బులాక్,
జూన్

నా గుర్రప్పిల్లా,

వారం ఆగితే ఏమవుతుందో నాకు తెలియదు. డాక్టరుకి తెలుసేమో. మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు ఉంటాడట.

తాష్కెంట్ నాకు వద్దని ఎవరు చెప్పారు? పేపరులో నీ ఫోటో వస్తే బాత్మాకి చూపించడానికి పక్కింటి దాకా పాకుతూ అయినా వెళతాను. ఈమధ్య ఎక్కడికైనా అలాగే వెళుతున్నాను.

బాత్మా నడుం బాగానే ఉంది. ఆవిడ నడుముకి ఎప్పుడూ ఏమీ కాలేదు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను ఆవిడ నడుం కోసమే పట్నం వెళ్లానని విని ఊళ్లో అందరూ ఆవిడని పరామర్శిస్తుంటే నిన్న వచ్చి తలుపు కొట్టింది. "ఏమే కాలిచా, నీ నొప్పి నువ్వు తీసుకో. నేను బిందె ఎత్తుకోబోతే నలుగురు లాక్కుంటున్నారు, నా మొగుడు నన్ను పొయ్యి దగ్గరికి కూడా రానివ్వడం లేదు" అంది. సరే, తీసుకున్నాను. అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి నా నడుం పోయిందని నా నోటితో చెప్పాను. మంద తీసేస్తాడనుకున్నాను. తీసేశాడు. ఈ ఎండాకాలానికి కుర్మాన్‌కి ఇచ్చాడు. శరత్తులో చూద్దాం అన్నాడు. వాడి చేతిలో గొర్రెలు ఏ రంగులో దిగి వస్తాయో. నమదాల మూటల మీద పడుకోబెట్టి నన్ను కూడా లారీలో కొండకి తీసుకెళతారట. అక్కడ వంట చేసి పెట్టాలట. నేను, వంట.

చెప్పాక ఒక రోజంతా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. తర్వాత ఆకలేసింది.

ఆల్బీనాకి ఎలా తగ్గుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. ఆ నడుం గురించి మొదటి నుంచీ నీకే అన్నీ తెలుసు.

నీ అపా


ఫ్రూంజే,
జూన్, శనివారం

ప్రియమైన అపాకి,

నీ ఉత్తరం మంగళవారం పొద్దున వచ్చింది. చదివి మధ్యాహ్నం సాధనకి వెళ్లాను. దూలం ఎక్కాను. కింద బెంచీ మీద ఆల్బీనా పాల గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది. తాగడం లేదు. వంతెన వేయకుండానే కిందికి దిగాను.

గలీనా స్తెపానవ్నా "ఏమైంది?" అంది.

"ఆల్బీనాకి నొప్పి లేదండి. అది నా నడుమండి" అన్నాను.

ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కొవ్వు సంగతి, లేనా సంగతి, దగ్గు సంగతి, నీ సంగతి అన్నీ చెప్పాను. ఆమె ఈల తీసి జేబులో వేసుకుంది.

"ఎప్పటి నుంచి?"

"ఫిబ్రవరి నుంచి."

"రోజూ నా చేతుల్లోనే ఉంది ఆ నడుము. నాకు తెలియలేదు. నాకెందుకు చెప్పలేదు? జట్టులోంచి తీసేస్తాననా?"

"అవునండి."

"తీసేసేదాన్నే. ఇప్పుడూ తీసేస్తున్నాను. బట్టలు మార్చుకో, డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది.

డాక్టరు ముందు నన్ను చూశాడు, తర్వాత ఆల్బీనా కాగితాలు చూశాడు. "ఎడమ కాలి మీద నిలబడి వెనక్కి వంగమ్మా" అన్నాడు. వంగాను. ఈసారి పళ్లు బిగించలేదు. అరిచాను. అరవడం బాగానే ఉంది. ఎక్స్‌రే గదిలో పక్కకి తిప్పి, ఏటవాలుగా పడుకోబెట్టి మళ్లీ మళ్లీ తీశారు. కింది నుంచి మొదటి ఎముకలో ఎడమ పక్క సన్నటి గీత ఉంది. కుడి పక్క లేదు. డాక్టరు ఆ మాట కోచ్‌కి రెండుసార్లు చెప్పాడు, కుడి పక్క లేదు, కుడి పక్క లేదు అని. లేనాని మాత్రం ఇంకెవరి మీదా ఎక్కించొద్దన్నాడు.

తోలు పట్టీ వేశారు, బిగుతుగా. ఆకులు రాలే కాలందాకా పరుగు లేదు, గెంతులు లేవు. ఆ తర్వాత పొట్ట కండరాలకి వ్యాయామం. వంతెన కొత్త సంవత్సరం వచ్చేదాకా లేదు. అప్పటికి జట్టులో నా చోటు ఉంటుందా అని గలీనా స్తెపానవ్నాని అడిగాను. "తెలియదు" అంది. అబద్ధం చెప్పలేదు. నా మంచం మాత్రం ఇంకెవరికీ ఇవ్వనంది.

ఆల్బీనా పేరు పక్కన ప్రశ్న గుర్తు రబ్బరుతో చెరిపేశారు. ఆ సాయంత్రం తను సంచీ సర్దుకుంటూ ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది. "ఇకమీదట నీకు ఏ రోగం వచ్చినా నీ పేరే పెట్టుకో" అంది. సరేనన్నాను. "పాలు కూడా నువ్వే తాగు" అంది. దానికీ సరేనన్నాను. నా వెంట్రుకల రిబ్బన్లు అడిగింది. ఇచ్చాను.

నాకు తాష్కెంట్ వెళ్లాలని ఉంది. ఇప్పటికీ ఉంది. అది కూడా నీకు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

జట్టు శుక్రవారం పొద్దున ఆరు గంటలకి వెళ్లింది. గలీనా స్తెపానవ్నా వెళ్లింది, ఆల్బీనా వెళ్లింది. నేను సోమవారం బస్సుకి ఇంటికి బయల్దేరుతున్నాను.

బెర్మెత్